రాజమ్మ వాకిట్లో ట్రాక్టరు చక్రం

దుర్గి ఊరి చివర తన ఇంటి వాకిట్లోనే ట్రాక్టర్ల వెనక టైర్లు విప్పి ఎక్కించే రాజమ్మంటే రైతులకి గిట్టేది కాదు. ఆమె నోరు మంచిది కాదనేవాళ్లు. అయినా ఆ బరువు ముట్టుకునేవాళ్లు దగ్గర్లో ఇంకెవరూ లేక ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ఆ పని భర్త ఆరోగ్యస్వామి నేర్పాడు. నాలుగేళ్ల కింద గాలి కొడుతుంటే టైరు అంచు ఎగిరి ఆయన చెయ్యి విరిగింది. అది మళ్లీ సరిగా అతకలేదు.

ఒక రోజు మిరపతోటకి మందు కొట్టాలని రవిశంకర్ అనే రైతు చక్రమూ, కొత్త టైరూ ఆటోలో తెచ్చి తొందరపెట్టాడు. రాజమ్మ గడ్డపారతో పాత టైరు ఊడదీసి, చక్రం ఇనుప డిస్కుకి సబ్బునీళ్లు రాసి, కొత్తది తొక్కి తొక్కి ఎక్కించింది. గాలి కొడుతుంటే ఒక పక్క టైరు అంచు డిస్కు గాడిలో కూర్చోలేదు. ఆమె వెంటనే గాలి మోటారు ఆపేసింది.

"ఏందే ఆపావు? ఇంకాస్త కొడితే అదే కూర్చుంటది" అన్నాడతను టైరు మీద కాలేసి.

"కాలు తియ్యి. గాలి తీసి మళ్లీ ఎక్కించాలి."

"ఆడదానివి, నాకు చెప్తావా!" అని తనే పోయి స్విచ్చి వేశాడు.

రాజమ్మ ఒక్క ఉదుటున వైరు పీకేసి, గాలంతా వదిలేసింది.

"నా వాకిట్లో ఒక చెయ్యి పోయింది, చాలు. నువ్వు ఎక్కడన్నా చావు, ఇక్కడ మాత్రం కాదు. ఎత్తుకుపో."

అతను బూతులు తిడుతూ చక్రం ఆటోలో వేయించుకుని గురజాలలో టైర్ల కొట్టుకి పోయాడు. అక్కడ ఏమైందో ఆమె ఎవర్నీ అడగలేదు. రెండు నెలలపాటు అతని వీధివాళ్లెవరూ ఆమె గడప తొక్కలేదు. ఆరోగ్యస్వామి నసిగితే "రాకపోతే పోనీ" అంది.