మాస్టారి సిఫారసు ఉత్తరం

మొన్న మా కాలేజీలో చదివి వెళ్ళిన ఒకమ్మాయి విదేశంలో పైచదువుకి స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకుంటూ, సిఫారసు చేసేవారి గడిలో నా పేరు ఇచ్చింది. వాళ్ళు నాకో ఫారం పంపారు. మొదటి ప్రశ్న, ఈ విద్యార్థిని మీరు ఇంతవరకు చూసినవారిలో నూటికి మొదటి ఎందరిలో ఒకరు అని. కింద అయిదు గళ్ళు. ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. కాఫీ చల్లారిపోయేదాకా ఆ గళ్ళకేసి చూస్తూ కూర్చున్నాను. పిల్ల తెలివైనదే, అందులో అనుమానం లేదు. కాని మనిషిని పట్టుకుని నూటికి ఇంత అని తేల్చి చెప్పడం మా కోనసీమవాళ్ళకి అంత తేలిగ్గా వచ్చే విద్య కాదు. పైగా ఈ ఉత్తరాల గొడవలో ఒకప్పుడు నేను నిండా మునిగి తేలినదాన్ని.

అప్పటికి నేను ఎమ్మెస్సీ బోటనీ ముగించుకుని అమలాపురంలో మా ఇంటికి వచ్చేశాను. కాలవల్ని కమ్మేసే గుర్రపుడెక్క మీద ఇంకా చదవాలని కోరిక. అటువంటి నీటిమొక్కల మీదే పనిచేసే ఒక చలిదేశపు యూనివర్సిటీ, సొంత సంపాదన లేని నాలాంటివాళ్ళకి పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తుందని తెలిసింది. ఫీజు, విమానం టిక్కెట్టు, తిండి, గది అన్నీ వాళ్ళవే. ఈ మాట మా ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు టీచరు, చర్చిలో సంఘపెద్ద, దేన్నీ తొందరపడి అనుమానించే మనిషి కాదు. ఆయన కూడా ప్రింటవుట్ రెండుసార్లు చదివి కళ్ళజోడు తుడుచుకున్నారు. నాన్నమ్మ మాత్రం తేల్చేసింది. "ఊరికే ఎవరిత్తారే? ఇందులో ఏదో తిరకాసుంది. ఎక్కడా సంతకాలెట్టీకు." అయినా మరుసటి ఆదివారం నా స్కాలర్‌షిప్ కోసం చేసిన ప్రార్థనలో అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది ఆవిడే. ఆ స్కాలర్‌షిప్ రాకపోతే నాకు పైచదువు లేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు.

దరఖాస్తుకి రెండు సిఫారసు ఉత్తరాలు కావాలి. ఒకటి యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంట్ హెడ్ మేడమ్ దగ్గర. రెండోది ఎవరిని అడగాలో నాకు క్షణం కూడా ఆలోచన లేదు. డిగ్రీలో నాకు బోటనీ చెప్పి, రిటైరై, కొత్తపేట పక్కన పలివెలలో సొంతింట్లో ఉంటున్న మాస్టారు. నాకు మొక్కని చూడడం నేర్పింది ఆయనే. గొడుగేసుకుని కాలవగట్టు మీద నడుస్తూ, మధ్యలో టక్కున ఆగి, గొడుగు కొనతో ఒక పిచ్చిమొక్కని చూపించి, "ఇదేవిటమ్మా?" అనేవారు. పొన్నగంటి అంటే సరిపోదు, శాస్త్రీయనామం చెప్పాలి, కుటుంబం చెప్పాలి. చెబితే "ఊఁ" అని ముందుకు నడిచేవారు. చెప్పలేకపోతే అప్పుడూ "ఊఁ" అనే నడిచేవారు. రెండు ఊఁలకీ తేడా కనిపెట్టడానికి నాకు మొదటి సంవత్సరమంతా పట్టింది.

ఆయన మెచ్చుకోలు మొత్తం ఒక్క మాటలో ఉండేది. ఫర్వాలేదు. నేను మూడు నెలలు గట్లంబడి తిరిగి, ఎండబెట్టి, అట్టలకి అంటించిన నూటఇరవై మొక్కల హెర్బేరియం చివరి పేజీలో ఆయన రాసింది ఆ మాటే. "మా అమ్మాయి ఎలా చదువుతోందండీ?" అని మా నాన్నగారు అడిగినా, "ఫర్వాలేదండి" అనేవారు. పిల్లల్ని ఎదురుగా పొగిడితే ఆయుక్షీణం అని మా వైపు పెద్దలందరికీ ఉన్న భయమే. సైన్సు చెప్పే మనిషే గాని, ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన మా నాన్నమ్మకి ఏమీ తీసిపోరు.

ఉత్తరం సంగతి చెప్పగానే, "ఆయ్, రాస్తానమ్మా" అన్నారు. నాలుగు రోజులు రాశారు. కంప్యూటర్ ఆయనకి రాదు గనక నేనే కొత్తపేటలో నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. తీరా కుర్చీలో కూర్చున్నాక నాకేసి చూసి, "ఇది నువ్వు చూడకూడదని రాసేరు. బయట నుంచో" అన్నారు. గంటసేపు ఎండలో నుంచున్నాను. లోపల సెంటర్ కుర్రాడు టైపు చేస్తుంటే ఆయన కామాలు, ఫుల్‌స్టాపులు చెప్పడం మాత్రం వినిపించింది.

హెడ్ మేడమ్ దగ్గర పని రెండు నిమిషాల్లో అయిపోయింది. "నువ్వే రాసి పట్టుకొచ్చెయ్యమ్మా, నేను సంతకం పెట్టి పంపేస్తాను" అన్నారావిడ. అది కొత్త సంగతేమీ కాదు, అందరూ చేసేదే. రాయడానికి కూర్చున్నాక తెలిసింది కష్టం. "ఈమె చాలా తెలివైనది" అని మొదలుపెట్టాను. నా చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ చూడకుండానే కొట్టేశాను. సొంత డబ్బా కొట్టుకునేవాళ్ళని చూసి నవ్వుకుంటూ పెరిగిన ఇల్లు మాది. కొట్టివేతలన్నీ పోగా మిగిలింది ఇది: ఈమె క్రమం తప్పక తరగతులకు హాజరైనది, అప్పగించిన పని చేయును, ప్రవర్తన సంతృప్తికరము, శ్రద్ధ వహించినచో వృద్ధిలోకి రాగలదు. ఎంతో పద్ధతిగా ఉందనుకున్నాను. మేడమ్ చదవకుండానే సంతకం పెట్టేశారు.

స్కాలర్‌షిప్ రాలేదు. మార్కులు, పరిశోధన ఆలోచన బాగున్నాయి గాని, సిఫారసు ఉత్తరాల విషయంలో దరఖాస్తు బలహీనంగా ఉందని ఒక వాక్యం రాశారు. నేను అది చదువుతూ చదువుతూనే తీర్పు చెప్పేశాను. ఇంకెవరు? మాస్టారే. ఆ ఫర్వాలేదన్న ఒక్క మాటని ఇంగ్లీషులో ఎలా రాసి ఉంటారో రకరకాలుగా ఊహించుకున్నాను. నాట్ బ్యాడ్ అనా? భరించవచ్చు అనా? నాలుగు రోజులు కూర్చుని రాసింది దీనికా అని కోపంతో ఏడ్చాను.

ఆ ఏడాది కొత్తపేటలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. బస్సు రోజూ పలివెల స్టాపులో ఆగేది. ఒక్కరోజు కూడా దిగలేదు. ఆయన మా నాన్నగారితో కబురు పెట్టారు. "మీ మాస్టారు కనబడ్డారే. ఏమైందండీ అమ్మాయి సంగతి, ఓసారి రమ్మనండి అన్నారు" అని నాన్నగారు చెబితే, వెళ్తాలే అన్నాను. రెండోసారి కబురొచ్చినప్పుడు ఆ మాట కూడా అనలేదు.

మళ్ళీ దరఖాస్తుల కాలం వచ్చింది. ఈసారి మాస్టారి ఉత్తరం వద్దు, వేరేవారిని పెట్టుకోవచ్చా అని ఆ ఆఫీసుకి మెయిల్ రాశాను. జవాబు మర్రోజే వచ్చింది. తప్పకుండా మార్చుకోవచ్చు, కాని మా సలహా వేరు అన్నారు. మార్చవలసింది డిపార్ట్‌మెంట్ హెడ్ ఇచ్చిన ఉత్తరాన్ని. ఆవిడకి మీ గురించి ఏమీ తెలియనట్టుంది. రెండో ఉత్తరాన్ని మాత్రం దయచేసి అలాగే ఉంచండి, అటువంటిది మాకు అరుదుగా వస్తుంది.

నా గురించి ఏమీ తెలియని ఆ హెడ్‌ని నేనే. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మర్నాడు పలివెలలో దిగాను. మాస్టారు పెరట్లో కరివేపాకు మొక్కకి మట్టి ఎగదోస్తున్నారు. ఇన్నాళ్ళూ ఏమైపోయావని అడగలేదు. "రామ్మా, ఎండగా ఉంది, లోపలికి రా" అన్నారు. జరిగింది మొత్తం చెప్పేశాను, కోపంతో సహా.

"ఇంతకీ నీ గురించి నువ్వేవని రాసుకున్నావ్?" అన్నారు.

"ఫర్వాలేదనే రాసుకున్నానండి."

ఆయన నవ్వారు. ఆయన నవ్వగా చూడడం అదే మొదలు. "అది నా మాటమ్మా. నువ్వెందుకు వాడేవు?" అన్నారు.

"మరి మీరేం రాశారండీ మాస్టారూ?"

"అది వాళ్ళకి రాసింది, నీకెందుకు? నీకు చెప్పేదైతే నీకే చెబుదును కదా."

హెడ్ మేడమ్ ఉత్తరం ఒక్కటే మార్పించాను. ఆ ఏడు స్కాలర్‌షిప్ వచ్చింది. వెళ్ళాను, చదువుకున్నాను, తిరిగి వచ్చి ఈ కాలేజీలో చేరాను. మాస్టారు మూడేళ్ళ కిందట పోయారు. ఆయన పోయాక ఒకసారి ఆ ఆఫీసుకి రాసి, ఆ ఉత్తరం చూడడానికి దొరుకుతుందా అని అడిగాను. అటువంటివి రహస్యమనీ, కొన్నేళ్ళకి తీసేస్తామనీ మర్యాదగా జవాబిచ్చారు. ఆయన నన్ను ఏమనుకున్నారో ఎక్కడో చలిదేశంలో ముగ్గురు నలుగురు ముక్కూమొహం తెలియనివాళ్ళు చదివారు, బహుశా మరిచిపోయి కూడా ఉంటారు. నాకు మాత్రం ఇక తెలియదు. దానికి అంత బాధ లేదు. స్కాలర్‌షిప్ ఒక ఏడాది ఆలస్యమైనందుకూ లేదు, అది ఎలాగో వచ్చింది. ఆయన రెండుసార్లు రమ్మని కబురు పెట్టినా నేను వెళ్ళకుండా గడిపిన ఏడాది ఉంది చూడండి, అది మాత్రం ఎవరికి ఎన్ని దరఖాస్తులు పెట్టుకున్నా తిరిగి రాదు.