జంట తుమ్ముల ఇల్లు

మా అక్కా బావా చిలకలూరిపేటలో పాత ఇల్లు ఎలా కొన్నారని ఎవరడిగినా బావ ఒకటే చెబుతాడు. "సిద్ధాంతిగారికి జంట తుమ్ములు పడ్డాయి. ఇంకేం కావాలి, కొనేశాం." ఒంటి తుమ్ము అపశకునం, జంట తుమ్ములు శుభం, ఇందులో వాదించడానికేముందని వినేవాళ్లు తలలూపుతారు. నేను వాదిస్తాను. ఆ రోజు ఆ ఇంట్లో నేనూ ఉన్నాను, నేనూ తుమ్మాను. నా తుమ్ములు ఎవరూ లెక్కపెట్టలేదు.

ముందు అక్క సంగతి. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పింది, అన్నేళ్లూ అద్దె ఇళ్లలోనే. ప్రతి ఇంటాయనా తాళం చేతిలో పెడుతూ "గోడకి మేకులు కొట్టొద్దమ్మా" అనేవాడు. అందుకని అమ్మానాన్నల పెళ్లి ఫొటో ఏనాడూ గోడెక్కలేదు. బీరువా మీద జారగిలబడి ఉండేది, ఫ్యాను జోరుగా తిరిగితే బోర్లాపడేది. సొంత ఇల్లు కొనుక్కుని మొదటి రోజే మేకు కొట్టాలన్నది ఆమె కోరిక. ఇంకో సంగతి, ఆమెకు ఆయాసం. దుమ్ము బొత్తిగా పడదు. చేతిసంచీలో పర్సు మరిచిపోతుందేమో గాని ఇన్‌హేలర్ మరిచిపోదు.

మా వైపు పాత ఇల్లు చూడటమంటే సిద్ధాంతిని తీసుకెళ్లడమే. ఆయన టేపు పట్టి గుమ్మాలు లెక్కపెడతాడు, ఈశాన్యం పెరిగిందో తరిగిందో తేలుస్తాడు. అందరూ ఆయన టేపు వెంట నేలచూపులు చూస్తూ నడుస్తారు. తలెత్తి శ్లాబు చూసే నాథుడుండడు. పైగా ఈ చూడటమంతా ఏప్రిల్లో. మిరపకాయలు అమ్ముకుని చేతిలో డబ్బు ఆడేది అప్పుడే మరి. చుక్క వాన లేని నెలలో ఏ ఇల్లు కారుతుంది? ఎండాకాలంలో ప్రతి ఇల్లూ బంగారమే.

నన్నెవరూ రమ్మనలేదు, నేనే వెళ్లాను. సిద్ధాంతిగారు కొలుస్తుంటే నా పని నేను చేసుకున్నాను. బాత్రూంలో చెంబుడు నీళ్లు పోస్తే అవి తూముకేసి వెళ్లకుండా గుమ్మంకేసి వచ్చాయి. కుళాయిలన్నీ ఒకేసారి తిప్పితే మూడోది గాలి ఊదింది. హాలు శ్లాబుకు ఫ్యాను కొక్కెం పక్కన పళ్లెమంత తుప్పు మరక. ప్రహరీ దగ్గరికెళ్లి పక్కింటావిడను పిలిచి, వానొస్తే నీళ్లెక్కడ నిలుస్తాయండీ అని అడిగాను.

"మెట్ల కింద," అందావిడ. "కప్పలు కూడా ఉంటాయి."

"పెళ్లిచూపులకొచ్చి పిల్ల పళ్లు లెక్కపెట్టినట్టుందమ్మా నీ వ్యవహారం," అన్నాడు బావ.

"ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తారు కదా బావా. ఇది ఎద్దు కంటే ఖరీదు."

అప్పుడు వెనక గదిలోకి వెళ్లాం. ఇంట్లో ఆ ఒక్క గదికే కొత్తగా సున్నం కొట్టి ఉంది. ఎందుకని ఇల్లు అమ్ముతున్న ఇంటాయనను అడిగాను.

"పిల్లలు గీతలు గీశారమ్మా."

ఎవరా పిల్లలని చూశాను. ఆ ఇంట్లో అందరికంటే చిన్నవాడు ఆ ఇంటాయనే, ఆయనకు మీసాలు తెల్లబడ్డాయి.

అక్కకు మాత్రం ఆ గది నచ్చేసింది. తూర్పు గోడ మీద అరచెయ్యి ఆనించి ఎత్తు చూసుకుంటోంది. మేకు కోసమేనని నాకు తెలుసు. ఈలోపు బావ, పనిచేస్తుందో లేదో చూద్దామని ఫ్యాను వేశాడు. సరిగ్గా దాని కింద నిలబడ్డ సిద్ధాంతిగారు ఒక తుమ్ము తుమ్మారు.

ఒకటే.

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. అక్క చెయ్యి గోడ మీంచి జారింది, ముఖం వాడిపోయింది. సిద్ధాంతిగారు అటక వైపు చూశారు, ఇంటాయనను చూశారు, అక్క ముఖం చూశారు. అప్పుడు రెండోది తుమ్మారు.

"జంట తుమ్ములు," అన్నాడు బావ, బిడ్డ పుట్టిందని చెప్పినట్టు. ఆ మాట పూర్తవకుండానే తానూ తుమ్మాడు, నేనూ తుమ్మాను, అక్క దగ్గు అందుకుంది. మిరప కల్లాల గాలి పీల్చి పెరిగిన ముక్కులు మావి, అయినా ఒక్కరం కూడా ఇదేమి ఘాటని అడగలేదు. బేసా సరా అన్న లెక్కలో పడ్డాం.

అక్కను బయట మెట్ల మీద కూర్చోబెట్టి, ఇన్‌హేలర్ చేతికిచ్చి, మళ్లీ లోపలికెళ్లాను. స్టూలెక్కి అటక మీద వేలు రాశాను. వేలు ఎర్రబడింది. స్కూటర్ తాళంచెవితో గోడ గీకాను. తెల్ల సున్నం కింద నడుమెత్తు దాకా ఎర్రటి పొర.

"కాసిని మిరపకాయ బస్తాలు పెట్టుకునేవాళ్లమమ్మా," అన్నాడు ఇంటాయన.

"ఎన్నాళ్లు?"

"ఓ పదిహేనేళ్లు."

బయటికొస్తే అక్క ఆయాసపడుతూనే నా కొంగు పట్టుకుంది. "ఒసే, ఈ ఇల్లు నాకు నచ్చిందే. నీ నోటితో చెడగొట్టకు."

"ఇల్లు చెడగొట్టను, గోడ చెడగొడతాను," అన్నాను.

అటక కొట్టేయాలి, ఆ గది ప్లాస్టరింగు ఇటుక దాకా ఒలిచి కొత్తది చేయించాలి, తొలకరి పడ్డాక శ్లాబు మళ్లీ చూడాలి, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్ అన్నాను. ఇంటాయనకు ఒళ్లు మండింది. "సిద్ధాంతిగారే శుభమంటుంటే మధ్యలో ఈవిడెవరండీ?"

"తుమ్మింది ఆయన. ఆయాసం మా అక్కది."

నాలుగు రోజులు బెట్టు చేసి ఇంటాయన ఒప్పుకున్నాడు. గోడ ఒలిచినన్నాళ్లూ పనివాళ్లు ముఖాలకు తువ్వాళ్లు చుట్టుకునే పనిచేశారు. వీధి వీధంతా తుమ్మింది. అవి ఎన్ని జంటలో ఎవరూ చెప్పలేదు. వాన పడ్డాక శ్లాబు మరక తడిసింది, అదీ బాగుచేయించాకే సంతకాలు. చేరిన రోజు అక్క ఆ గదిలోనే మేకు కొట్టింది. ఇన్‌హేలర్ పట్టుకుని పక్కన నేను. సిమెంటు పొడి రాలింది, ఉత్త బూడిద రంగు పొడి. అక్క దగ్గలేదు. ఫొటో ఒక పక్కకు ఒరిగింది. సరిచేయబోతే చెయ్యి మీద కొట్టింది, తన గోడ తన ఇష్టమంది.

బావ ఇప్పటికీ వచ్చినవాళ్లకు తుమ్ముల కథే చెబుతాడు. చెప్పుకోనీ. నన్ను తొలిచేది వేరు. ఆ మొదటి తుమ్ము మిరప దుమ్ముది, అందులో నాకు అనుమానం లేదు. రెండోది మాత్రం సిద్ధాంతిగారు అందరి ముఖాలూ చూసుకున్నాక వచ్చింది. తుమ్ముకు అంత తీరిక ఉంటుందా? ఒక పెళ్లిలో కనిపిస్తే నేరుగానే అడిగాను. "తుమ్ము చెప్పి వస్తుందామ్మా?" అని నవ్వి, భోజనాలకు లేచారు.

ఇంటాయన కోసం తుమ్మి ఉంటే, మా అక్క ఊపిరిని పణంగా పెట్టినట్టు. అక్క ముఖం చూసి తుమ్మి ఉంటే, ఆయన్ను నేనిన్నాళ్లూ అన్న మాటల్లో సగం వెనక్కి తీసుకోవాలి. ఇంతకీ ఆ రెండో తుమ్ము ఎవరి కోసం?