లాఇలాజ్ అన్న మాట మా ఇంటికి వచ్చిన రోజు

మా చిన్నప్పుడు... ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా ముందు ఉప్పు బంద్ చేసేవాళ్ళు. మక్తల్ దగ్గరి పల్లె మాది, గొర్లు కాసుకుని బతికే ఇల్లు. మా నాయినకు కడుపులో గడ్డ లేచిందని ఆ ఏడాది నాలుగు నెలలు చప్పిడి పథ్యం పెట్టారు. జొన్న గట్క, పలుచటి మజ్జిగ... అంతే. ఆ గిన్నె చూస్తే నాకే ఏడుపొచ్చేది.

ఒకరోజు నాయిన తమ్ముడు, మా చిన్నాయిన, బండి కట్టి ఆయనను మక్తల్ హకీం దగ్గరికి తీసుకుపోయాడు. పొద్దు వాలకముందే తిరిగొచ్చారు. చిన్నాయిన మా అమ్మను దొడ్లోకి పిలిచాడు. వెనకాలే నేనూ పోయాను.

"హకీం నన్ను అవుతలికి పిల్చి చెప్పిండు వదినా... లాఇలాజ్ అంట."

కాసేపటికి మందలోంచి పొట్టేలు పిల్లను తెచ్చి కోశారు. అమ్మ కారం నూరి కూర వండింది. నాయిన పక్కన కూర్చుని అడిగింది.

"ఇంకేం తినబుద్దయితాంది? చెప్పు, చేసిపెడ్త."

నాలుగు నెలల పథ్యం ఒక్క పూటలో ఎత్తేశారు! తొమ్మిదేళ్ళ పిల్లను, నాకేం తెలుస్తుంది... రోగం పోయింది కాబట్టే పథ్యం పోయిందనుకున్నాను. ఆగలేక వాడంతా ఉరికాను. "మా నాయినకు నయమైంది, కూర తింటాండు, హకీం లాఇలాజ్ అన్నడు" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పాను. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నాకు కోపమొచ్చింది కూడా!

బడి సారుకూ చెప్పాను. ఉర్దూ చదువు చదివిన మనిషి. నన్ను దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి పెట్టాడు.

"అది అరబ్బీ నుంచి ఉర్దూలకొచ్చిన మాట బిడ్డా. లా అంటే లేదు. ఇలాజ్ అంటే వైద్యం. ఇంక ఎవ్వరికీ చెప్పకు, ఇంటికి పో."

మందు లేదని తేలితేనే మా దిక్కు పథ్యం ఎత్తేస్తారని నాకప్పుడు అర్థమైంది. మా నాయిన చావు కబురును నేనే నవ్వుకుంటూ ఊరంతా చాటి వచ్చాను.

ఇంటికొస్తే నాయిన అరుగు మీద తింటున్నాడు. నా మొహం చూసి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒక ముక్క నా నోట్లో పెట్టి మెల్లగా అన్నాడు.

"నాకెవ్వరు చెప్పలే బిడ్డా. ఉప్పేసి పెట్టంగనే సమజైంది. నాకు తెల్సని మీ అమ్మకు చెప్పకు. గా మాటన్న నాకు తెల్వకుంట దాస్తున్ననని ఆమెను అనుకోనియ్యి."



తర్వాత ఇరవై రోజులు బతికాడు. అమ్మ రోజూ అడిగేది. ఆకలి లేకపోయినా ఆయన ఏదో ఒకటి కోరేవాడు. అమ్మ పోయేదాకా ఆ సంగతి నేను నోరు విప్పి చెప్పలేదు.

ఇప్పుడు ఆస్పత్రుల్లో రిపోర్టులు చేతికిచ్చి అన్నీ చెప్పేస్తున్నారు. ఆఖరి రోజు దాకా ముక్కులో గొట్టంతో పాలు పోస్తున్నారు... ఏం తినాలనుందని అడిగేవాళ్ళే కరువయ్యారు. మీ ఇళ్ళల్లో ఆ మాట ఎవరు ఎవరిని అడిగారు, వాళ్ళు ఏం కోరుకున్నారు... రాయండి, చదువుతాను.