విత్తనం కాయలు వలిచిన మధ్యాహ్నాలు

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక కాసేపు చదువుకోవడం నాకు అలవాటు. పెళ్ళయి నరసరావుపేట వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. "ఊరికే అన్ని పుస్తకాలు చదివితే ఏమొస్తుంది?" అని ఇంటికి వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. నలుగురిలో నోరు విప్పలేను కాబట్టి నవ్వి ఊరుకుంటాను. తెలివి పెరుగుతుందనీ, లోకజ్ఞానం వస్తుందనీ పెద్దలు చెబుతారు. అవి నాకు ఏపాటి వచ్చాయో నేను చెప్పలేను. చదవడం వల్ల నాకు ఒక మనిషి దొరికింది. ఆ మనిషి ఇప్పుడు ఎక్కడ ఉందో తెలియదు. ఈ నాలుగు మాటలూ ఆమె గురించే.

మాది గురజాల నుంచి బండి దారిన పోవలసిన మెట్ట ఊరు. అప్పటికి కాలువలు రాలేదు. వాన పడితే వేరుశనగ, జొన్న; లేకపోతే లేదు. ఎనిమిదో తరగతితో నా బడి ఆగిపోయింది. ఆ పైన చదవాలంటే గురజాల వెళ్ళాలి, ఈడొచ్చిన పిల్లను అంతదూరం పంపే ఆచారం మా ఇంట్లో లేదు. ఇక నాకు దొరికే అచ్చుకాగితమల్లా నాన్న గురజాల నుంచి తెచ్చే దినపత్రిక. అదీ ఇంట్లో మగవాళ్ళూ, వచ్చినవాళ్ళూ అందరూ చూసి అవతల పడేశాక. పంటల ధరలు, ఎన్నికల గొడవలు, తలనొప్పి మందుల ప్రకటనలు, ఏదీ వదలకుండా చదివేదాన్ని.

ఏటా తొలకరికి ముందు మా వసారాలో విత్తనం కాయలు వలిచేవాళ్ళు. విత్తనానికి వేరుశనగ కాయను చేత్తోనే వలవాలి. గింజ చిట్లకూడదు, పైన ఎర్రపొర లేవకూడదు. లేచిందంటే ఆ గింజ మొలవదు. ఊరి చివర పల్లె నుంచీ వాడల నుంచీ ఆడవాళ్ళు వచ్చి, కాయల గుట్ట చుట్టూ కూర్చుని, బొటనవేలితో నొక్కి వలిచేవాళ్ళు. మా అమ్మకు ఉన్న దిగులల్లా ఒకటే, వలిచే గింజల్లో కొన్ని నోట్లోకి పోతాయని. అందుకని మా వైపు రైతుల ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉండేది. వలిచేంతసేపూ పాటలు పాడించేవాళ్ళు. పాడే నోరు నమలలేదు కదా.

ఆ ఏడు పాట ఎత్తే ఆమె కూతురి పురుడికని ముప్పాళ్ళ వెళ్ళింది. మిగతావాళ్ళు రెండు చరణాలు పాడి మూడోదానికి తడుముకునేవాళ్ళు. అమ్మ ఒకరోజు నాన్నతో అంది: "పాటెత్తే మనిషి లేదు. ఏదన్నా కథల పుస్తకం తెచ్చి పడెయ్యండి, ఇది చదివిద్ది. ఊరికేగా ఉంది."

నాన్న కోర్టు వాయిదాలకు గురజాల వెళ్ళినప్పుడు అక్కడి గ్రంథాలయంలో పేపరు చూసేవాడు. ఈసారి వస్తూ ఒక లావుపాటి నవల తెచ్చాడు. అట్ట ఊడిపోయింది, పేరున్న పేజీ చిరిగిపోయింది. గోదావరి వరదలో తప్పిపోయిన ఒక జమీందారు గారి పిల్ల, పెరిగి పెద్దదై, కన్నతల్లిని చేరుకునే కథ అది. అది నా చేతికి వచ్చిన క్షణం ఇప్పటికీ మరిచిపోలేను. తిట్లు తినకుండా, దాచుకోకుండా, చదవమని ఇంట్లోవాళ్ళే చెప్పిన పుస్తకం!

కాని చదవాల్సింది అంతమంది ముందు. చివరికి వాళ్ళకు వీపు పెట్టి, వసారా స్తంభం వైపు తిరిగి కూర్చుని మొదలుపెట్టాను.

"అమ్మాయ్, మాకు చెప్తన్నావా, ఆ స్తంభానికి చెప్తన్నావా?" అని వెనకనుంచి ఒక గొంతు.

"స్తంభమైతే మధ్యలో గింజలు తినదులేవే," అంది ఒక ముసలామె. అందరూ పకపకా నవ్వారు.

మొదట అడిగినామె పల్లె నుంచి వచ్చేది. నాకంటే పదేళ్ళు పెద్దదై ఉంటుంది. కాయలు నొక్కి నొక్కి ఆమె బొటనవేలి గోరు నల్లబడిపోయింది. ఆదివారం మాత్రం పనికి రాదు, చర్చికి పోతుంది. నేను ఆమెను అక్కా అనేదాన్ని.

రెండు రోజులు గడిచాయో లేదో అమ్మకు తను చేసిన పొరపాటు తెలిసింది. పాడితే నోటికి పని ఉంటుంది. వింటే నోరు ఖాళీ.

"ఏమే, నోళ్ళు ఆడతన్నయ్యే!"

"వింటన్నామమ్మా."

"వినేది చెవుల్తోనా, పళ్ళతోనా?"

కాని వరద వచ్చిన ఘట్టం చదివినరోజు ఒక్క నోరూ ఆడలేదు. తల్లి ఒడ్డున పడి ఏడుస్తుంటే వీళ్ళూ కొంగులు కళ్ళకు అద్దుకున్నారు. గింజలు వలిచినవి వలిచినట్టే చేటలో పడ్డాయి. అమ్మ అది కనిపెట్టింది. మర్నాడు నేను పుస్తకం తెరవగానే వచ్చి నిలబడింది.

"ఏందే, ఇయ్యాల ఎవరన్నా చచ్చిపోయేది ఉందా? ఉంటే అది చదువు. పెళ్ళిళ్ళూ భోజనాలూ వద్దు. మొన్న ఆ పెళ్ళివిందు చదివితివి, సగం గంప తినేశారు."

అప్పటినుంచి పొద్దున్నే రాబోయే భాగం చూసుకుని, ఏడుపు ఉన్న చోట్లు ఏరి పెట్టుకునేదాన్ని. ఎవరూ ఏమీ అనలేదు, అక్క తప్ప. ఒకనాటి సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఆమె పెరటివైపు వచ్చి నిలబడింది.

"నిన్నేమో ఆ పిల్లకు సంబంధం చూస్తన్నారంటివి. ఇయ్యాల మామ చచ్చాడంటివి. మధ్యలో పెళ్ళేమయింది?"

"అమ్మ వద్దంది అక్కా," అన్నాను మెల్లగా.

"మా చర్చి అయ్యగారు కూడా ఆదివారం ఆదివారం బైబిలు కాసింత చదివి ఆపేస్తాడు. ఆగటం నాకు అలవాటే. మధ్యలో ముక్క లాగేస్తే మాత్రం నా వల్ల కాదు. మీ అమ్మ పడుకున్నంక చెప్పు, వస్తా."

అలా మొదలయింది. మధ్యాహ్నం అమ్మ కునుకు తీసేవేళ ఆమె మజ్జిగ కోసమన్నట్టు చెంబు పట్టుకుని పెరటి వాకిలికి వచ్చేది. గడపకు ఇవతల నేను, అవతల ఆమె. అక్కడ స్తంభం లేదు, ఆమె మొహమే కనిపించేది. ముందు రెండు మూడు రోజులు తడబడ్డాను. తరువాత నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కోపం వచ్చేచోట కోపంగా, నవ్వు వచ్చేచోట ఆగి చదవడం వచ్చింది. విత్తనం కాయలు అయిపోయి వసారా ఊడ్చేశాక కూడా ఆమె రావడం మానలేదు, నేను చదవడం మానలేదు.

ఒక్కో అధ్యాయం చదివేదాన్ని. అధ్యాయం కాగానే ఆమె వెంటనే లేచేది కాదు. చెంబు పక్కన పెట్టి, "ఇప్పుడు ఆ పిల్ల ఏం చేసిద్దంటావు?" అనేది. నాకు తోచింది నేను చెప్పేదాన్ని. "ఛ, అట్టా చెయ్యదు. దానికి పౌరుషం ఎక్కువ," అనేది. మర్నాడు చదివితే ఒక్కోసారి ఆమె అన్నదే అయ్యేది, ఒక్కోసారి నేనన్నది. "పొలంలో రాళ్ళు ఏరతా పొద్దంతా దాని సంగతే అనుకుంటన్నా" అనేది. నేనూ అంతే. పిండి విసురుతున్నా, బియ్యం ఏరుతున్నా మధ్యాహ్నం కోసం చూసేదాన్ని. ఆ రోజుల్లోనే డైరీ రాయడం మొదలుపెట్టాను. అందులో రాసుకున్నదంతా ఆమె అన్న మాటలే. ఆ రోజుల్లాగా నేను మళ్ళీ ఎప్పుడూ చదవలేదు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. వలిచిన విత్తనం చాలా ఇళ్ళల్లో గంపల్లోనే ఉండిపోయింది. కృష్ణ మీద ఆనకట్ట పనికి మనుషులు కావాలని మేస్త్రీలు ఊళ్ళ మీద తిరిగారు. ఒక మధ్యాహ్నం అక్క వచ్చి చెప్పింది.

"మేమూ పోతన్నాం. ఎల్లుండి లారీ వచ్చిద్దంట. ఇంకెంత మిగిలింది?"

"రెండు అధ్యాయాలు."

"రేపొకటి, ఎల్లుండి పొద్దున్నే ఒకటి. సరిపోయిద్ది."

"ఇప్పుడే రెండూ చదివేస్తాను, ఉండు."

"వద్దు. ఒకటేసారి చదివితే రేపు నేనేం అనుకోవాలి?" అని లేచింది.

లారీ ఎల్లుండి దాకా ఆగలేదు. మర్నాడు మధ్యాహ్నం నేను పెరటి వాకిలి తీసి కూర్చున్నాను. వెనకనుంచి అమ్మ వచ్చింది. పడుకోలేదు.

"పల్లెలోవాళ్ళు తెల్లారగట్లే లారీ ఎక్కారంట. నీ మజ్జిగ మిగిలిద్ది ఇంక," అంది. మాట మామూలుగానే అంది. ఇన్నాళ్ళూ అమ్మకు తెలుసునని నాకు అప్పుడు తెలిసింది.

చివరి రెండు అధ్యాయాలూ ఒక్కదాన్నే చదివాను. తల్లీ కూతుళ్ళు కలుసుకున్నారు. నాకు మాత్రం కథ అయినట్టు లేదు. ఇన్నాళ్ళు కూర్చుని విన్న మనిషికి చివర తెలియకుండా ఆ పుస్తకం గురజాల వెళ్ళిపోతుందన్నదే దిగులు. అక్క తోటికోడలు ఇంకా ఊళ్ళోనే ఉంది, వెనకాల వెళుతుందని తెలిసింది. ఆమె ద్వారా చెప్పి పంపాలంటే కథ నాకు బాగా పట్టుబడాలి. నాన్నను ఏదైనా అడగడం నాకు అదే మొదలు.

"ఆ పుస్తకం ఇంకొన్నాళ్ళు ఉంచండి నాన్నా."

"ఇంకా కాయలున్నయ్యా?"

"లేవు. కథ ఉంది."

నాన్న నా వంక చూశాడు. "సరేలే, నా కేసుతోపాటు దానికీ వాయిదా అడుగుతా," అన్నాడు.

తోటికోడలు ప్రయాణానికి ముందు తనే మా ఇంటికి వచ్చింది. చివర ఏమయిందో అమ్మాయిని అడిగి తెలుసుకుని రమ్మని అక్క కబురు పెట్టిందట. పుస్తకం లేకుండా, మనిషి మొహం చూస్తూ నేను కథ చెప్పడం అదే మొదటిసారి. రెండు అధ్యాయాలూ పొల్లుపోకుండా చెప్పాను.

"ఇంతేనా? దీనికా అది అన్నేసి కబుర్లు పెట్టింది!" అని ఆమె వెళ్ళిపోయింది.

క్రిస్మస్‌కు తోటికోడలు ఒక్కతే ఊరికి వచ్చింది. మొగుడికి జ్వరమని అక్క రాలేకపోయింది. తోటికోడలే చర్చి నుంచి వస్తూ నన్ను పెరటి వాకిలి దగ్గరికి పిలిచింది.

"చివర చానా బాగుందని చెప్పమంది. కాని ఒకటి అడగమంది. వరదప్పుడు ఆ పిల్లను పడవలోకి అందించి, చోటు లేక తను ఒడ్డునే ఉండిపోయిన దాసి ఉంది చూడు, అదేమయింది? తల్లీ పిల్లా కలుసుకున్నారు సరే, ఆ మనిషి యాడుందని ఒక్కరన్నా అడిగారా? నువ్వు చెప్పటం మరిచిపోయినావంట. రాళ్ళు మోస్తా మోస్తా రోజూ ఇదే గోల."

నేను మరిచిపోయానేమోననే అనుకున్నాను. నాన్న చేత మళ్ళీ పుస్తకం తెప్పించి వరద దగ్గర్నుంచి చివరిదాకా వెతికాను. ఒక్క మాట లేదు. రాసినాయన ఆమెను ఆ ఒడ్డునే వదిలేశాడు. అన్నిసార్లు చదివిన నాకూ ఆ సంగతి తట్టలేదు.

తోటికోడలు తిరిగి వెళ్ళే రోజు పల్లె చివరి దాకా నేనే వెళ్ళాను. ఆమె మూట కడుతోంది. చెప్పాను:

దాసి కొట్టుకుపోయి ఒక లంకలో ఒడ్డుకు చేరింది. పొగాకు తోటల్లో కూలి చేసుకుంటూ బతికింది. పడవ వచ్చినప్పుడల్లా రేవుకు పోయి, దిగేవాళ్ళలో చిన్నపిల్లలు ఉన్నారేమోనని చూసేది. ఏళ్ళు గడిచినా ఆ పిల్ల పెద్దదయి ఉంటుందని ఆమెకు తోచలేదు. ఒకనాడు పడవ దిగిన ఒక పెళ్ళికూతురు ఆమెను దారి అడిగింది. ఆమె చెప్పింది. ఇద్దరూ గుర్తుపట్టలేదు.

తోటికోడలు మూట కట్టడం ఆపింది.

"గుర్తుపట్టలేదా?"

"లేదు."

"ఇది పుస్తకంలో ఉందా?"

"లేదు. నాకు తోచింది."

"మరి దానికి ఏమని చెప్పను? పుస్తకంలో ఉందని చెప్పనా?"

"నేను చెప్పానని చెప్పు," అన్నాను.

ఆ జవాబుకు జవాబు రాలేదు. ఒకచోట పని అయిపోతే వాళ్ళను మేస్త్రీలు ఇంకోచోటికి తీసుకుపోయారనీ, ఏటికి అవతల తెలంగాణా వైపు ఏదో పనిలో ఉన్నారనీ ఎవరో అన్నారు. మరుసటి క్రిస్మస్‌కు తోటికోడలు కూడా రాలేదు. పల్లె నుంచి పనికి వచ్చినవాళ్ళను అడుగుదామని ఎన్నోసార్లు వాకిలి దాకా వెళ్ళి, ఏమని అడగాలో తెలియక వెనక్కి వచ్చాను. దాసి ఏమయిందో ఆమెకు చేరిందా? చేరితే ఒప్పుకుందా? "ఛ, అట్టా కాదు" అందా? అలా అని ఉంటే మరి ఎట్లా అయిందంటుంది? ఈ మాట తెలుసుకోవాలన్న కోరిక పెళ్ళి హడావిడిలోనూ పోలేదు, ఇక్కడికి వచ్చాకా పోలేదు.

ఇక్కడ గ్రంథాలయం దగ్గరే. మా వారు అడిగినన్ని పుస్తకాలు తెచ్చిపెడతారు. ఇప్పుడు ఏ నవల చదివినా, మధ్యలో ఎవరు మిగిలిపోయారో చూసుకుంటూ చదువుతాను. మొన్న చదివినదాంట్లో నాయికను వానలో రైలుకు చేర్చిన బండివాడు మళ్ళీ కనిపించలేదు. అతను ఇల్లు చేరేసరికి ఎంత పొద్దయిందో, ఎడ్లు ఏమయ్యాయో నాలో నేనే అనుకుంటూ కూర్చున్నాను. నాకు ఏదో తోచింది. అది సరో కాదో చెప్పే మనిషి లేదు.

అధ్యాయం కాగానే ఇప్పటికీ ఆగిపోతాను. పనికి ఇంకా వేళ ఉన్నా, తరువాతి పేజీ చేతికిందే ఉన్నా తిప్పను. ఆమె ఏదైనా అంటుందేమోనన్నట్టు కాసేపు ఊరుకుంటాను.