‘వినపడలేదు’ అన్న జవాబు

2014 జూన్‌లో నన్ను శ్రీకాకుళంలోని ఒక నర్సింగ్ స్కూలుకు ట్యూటర్‌గా వేశారు. ఆ ఏడాదే ఇంటర్నల్ పరీక్షల్లో కొత్త పద్ధతి వచ్చింది. తెర మీద రోగి వీడియో చూపిస్తారు, ఊపిరి శబ్దం వినిపిస్తారు, ఏం జరుగుతోందో విద్యార్థినులు రాయాలి. పరీక్షయ్యాక దానిపై వాళ్ల అభిప్రాయాలు సేకరించే పని కూడా నాదే.

హాల్లో ఒకటే స్పీకరు. శబ్దం ఒక్కసారే వినిపించాం. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. చివరి బెంచీలో కూర్చున్న నూకరత్నం ఆ ప్రశ్న కింద ‘వినపడలేదు’ అని మాత్రం రాసింది. కళింగపట్నంలో చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఇంటి పిల్ల. నేను సున్నా వేశాను. దాంతో ఆమె ఇంటర్నల్ తప్పింది. ఇంటర్నల్ తప్పితే ఏడాది చివరి పరీక్షకు కూర్చోనివ్వరు.

ఆ జవాబు పొగరనుకున్నారు ప్రిన్సిపాల్. క్షమాపణ రాసిస్తే మళ్లీ రాయనిస్తామన్నారు.

“ఇనపడనేదు కాబట్టే అలా రాసినాను మేడమ్,” అంది నూకరత్నం ప్రిన్సిపాల్‌తో, నా ముందే. “ఇననిది ఇన్నట్టు కేసుషీట్లో రాయొద్దని మా మేడమే సెప్పినారు. పరీక్షలో ఎలా రాత్తాను?”

ఆ మాట చెప్పింది నేనే. ఆమె క్షమాపణ రాయలేదు.

మర్నాడు అభిప్రాయ పత్రాలు పంచాను. అన్నీ ‘బాగుంది’ అనే రావాలని ప్రిన్సిపాల్ ముందే చెప్పారు. నేను మాత్రం ఉన్నదున్నట్టు రాయమన్నాను. పసివాడి డొక్కలు ఎగరడం వీడియోలో చూశాకే ఆయాసమంటే ఏమిటో అర్థమైందని చాలామంది రాశారు. వెనక బెంచీల్లోని పదకొండుమంది మాత్రం ‘మాకూ వినపడలేదు, పిల్లికూతలని ఊహించి రాశాం’ అని రాసి, అడగకపోయినా కింద పేర్లు పెట్టారు.

ఆ పత్రాలు తెచ్చిచ్చిన క్లాస్ లీడర్ భారతి, “నూకరత్నానికి నేని మార్కు మాకెందుకు మేడమ్? మావీ తీసేయండి,” అంది.

ఆ పదకొండూ పక్కన పెట్టి మిగతావి పై ఆఫీసుకు పంపమన్నారు ప్రిన్సిపాల్. పంపితే అన్నీ పంపుతానన్నాను. బదిలీకి సిద్ధంగా ఉండమన్నారు. ఉంటానన్నాను. మొత్తం పత్రాల సంఖ్య వేసి, సంతకం చేసి పంపాను.

పై ఆఫీసు ఉత్తర్వుతో ఆ ప్రశ్న అందరికీ రద్దయింది. రెండోసారి కంప్యూటర్ గదిలో, జట్లు జట్లుగా, ఇయర్‌ఫోన్లతో పరీక్ష పెట్టాం. ఎవరైనా రెండుసార్లు వినవచ్చు. నూకరత్నం శబ్దం సరిగ్గా గుర్తుపట్టింది, మరో ప్రశ్నలో మందు మోతాదు తప్పు రాసింది, అయినా పాసయింది. నన్ను విజయనగరం మార్చారు. నేను అప్పీలు చేయలేదు.

ప్రశ్న అందరికీ అందిందో లేదో చూసుకోకుండా జవాబు దిద్దే హక్కు పరీక్ష పెట్టేవాళ్లకు లేదు. సున్నా వేసే ముందు అది నాకు తోచలేదు. పిల్లలు ఎదురు నిలిచాకే నేర్చుకున్నాను.