బెల్లమ్మగారి ఇద్దరు కొడుకులు

మొన్న హెర్న్‌డన్‌లో మా అమ్మాయి ఇంట్లో, వానకి తడిసిన ఉన్ని కోటు మీద ఇస్త్రీపెట్టె ఆనించాను. తడిసిన గొర్రె వాసన గుప్పుమంది. "మమ్మీ, వాట్ ఈజ్ దట్ స్మెల్! విండో ఓపెన్ చెయ్యి ప్లీజ్" అని కేకేసింది అమ్మాయి. కాసేపు ఉండనిమ్మన్నాను. నాకు ఆ వాసన అంటే బెల్లమ్మగారి కొట్టు.

డెబ్బైల చివర్లో మావారికి కార్ల కంపెనీలో ఉద్యోగం వచ్చి, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాపురం పెట్టాం. నేను బడి ముఖం చూసినదాన్ని కాను. పాస్టరుగా ఉన్న మా నాన్నగారు ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి చదువు చెప్పారు. కుట్టు అమ్మ నేర్పింది. బట్టలు సరిచేసే కొట్టులో కుట్టుపనికి మనిషి కావాలని తెలిసి వెళ్లి, నా దగ్గర సర్టిఫికెట్ లేదని ముందే చెప్పేశాను. యజమానురాలు యాభై దాటిన పొట్టి మనిషి. పెదాల మధ్య గుండుసూదులు అలాగే ఉంచుకుని నవ్వింది.

"సర్టిఫికెట్ వచ్చి ప్యాంటు కుడుతుందా? ఇదిగో, దీని అంచు విప్పి మళ్లీ కుట్టు."

"థాంక్యూ మేడమ్."

"మేడమ్ ఏంటి, నేనేమైనా రాణినా? బెల్లా అను."

పెద్దావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. బెల్లమ్మగారూ అన్నాను. అదే ఖాయమైంది.

ఆవిడ యూదురాలు. భర్త పోయాక ఇజ్రాయెల్ నుంచి మిషిగన్‌లో ఉన్న అన్నగారి దగ్గరికి వచ్చేసింది. యూదులంటే నాకు తెలిసినదంతా బైబిల్లోదే కాబట్టి, శనివారం కొట్టు మూస్తారా అని అమాయకంగా అడిగాను. "దేవుడూ నేనూ మాటలు మానేసి చాలా ఏళ్లయింది కరుణా. నువ్వు రోజూ మాట్లాడతావుగా, అడిగానని చెప్పు" అంది. అలా అన్న మనిషే, నేను అన్నం ముందు తల వంచితే ఆమెన్ అనేదాకా తన మిషను ఆపేది. నా భక్తికి అంత మర్యాద నేను చర్చిలో కూడా చూడలేదు. అందుకు ఇప్పటికీ దేవునికి వందనాలు చెప్పుకుంటాను.

ఆవిడకి ఇద్దరు కొడుకులు, ఇద్దరూ ఇజ్రాయెల్‌లోనే. అక్కడ పద్దెనిమిదేళ్లు వస్తే సైన్యంలో చేరి తీరాలి. పెద్దవాడు గిడియన్ చేరాడు. ఆ తర్వాత కూడా పిలుపు వచ్చినప్పుడల్లా వెళ్లేవాడు. చిన్నవాడు ఏలీకి భక్తి కుదిరి, జెరూసలేములో మతపాఠశాలలో చేరాడు. ధర్మశాస్త్రం చదివేవాళ్లకి సైన్యం నుంచి మినహాయింపు ఉంది. ఆ ఇంట్లో నిప్పు అక్కడే రాజుకుంది.

ఒక వసంతంలో ఇద్దరూ తల్లి దగ్గరికి వచ్చారు. భోజనానికి సాయం చేద్దామని నేనూ వెళ్లాను. తల్లి వంటిల్లు యూదుల ఆహార నియమాలు పాటించనిది కాబట్టి, ఏలీ తన కాగితం పళ్లెం, తన నారింజపండు తెచ్చుకుని బల్ల చివర కూర్చున్నాడు.

"చూడమ్మా, అమ్మ చేతి కూడు అపవిత్రం. అన్న కాసే కాపలా మాత్రం పవిత్రం" అన్నాడు గిడియన్ నా వైపు తిరిగి.

"మా చదువు కూడా దేశానికి కాపలాయే" అన్నాడు ఏలీ మెల్లిగా.

"అయితే ఈసారి సరిహద్దుకి నీ పుస్తకాన్ని పంపు తమ్ముడూ. నేను పడుకుంటా."

ఏలీ నారింజపండు జేబులో వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. వంటింట్లో బెల్లమ్మగారు నా మోచెయ్యి పట్టుకుంది. "నాకు ఇంకేం వద్దు. వీళ్లిద్దరూ నా బల్ల దగ్గర ఒకే గిన్నెలోది తింటే చాలు."

ఎనభై రెండు వేసవిలో లెబనాన్‌లో యుద్ధం మొదలైంది. గిడియన్‌కి పిలుపు వచ్చింది. ఏలీ అప్పటికే తల్లిని చూడడానికి మిషిగన్ వచ్చి, ఆ నియమాలు పాటించే ఒక యూదు కుటుంబంతో ఉంటున్నాడు. గిడియన్ పోయాడని ఫోను వచ్చింది. గుండెజబ్బు మూలంగా ఆవిడని డాక్టరు విమానం ఎక్కనివ్వలేదు. ఖననం అక్కడ జరిగిపోయింది.

చావింట్లో పొయ్యి వెలిగించరని మనకీ తెలుసు కదా. పప్పూ అన్నం క్యారియర్‌లో సర్దుకుని వెళ్లాను. గుమ్మంలోనే మన పద్ధతిలో శోకం పెట్టబోతుంటే ఏలీ ఎదురొచ్చాడు. దుఃఖానికి గుర్తుగా చొక్కా గుండె దగ్గర చింపుకుని ఉన్నాడు.

"అమ్మ మాట్లాడేదాకా మీరు మాట్లాడకండి. మా ఆచారం" అన్నాడు. క్యారియర్ చూసి తల దించుకున్నాడు. "దుఃఖంలో ఉన్నవాళ్ల మొదటి ముద్ద ఇరుగుపొరుగు పెట్టాలి. మామూలుగా ఉడికించిన గుడ్లు. మీరు కొత్త గిన్నె తెచ్చి వండితే, పొయ్యి యూదుడిగా నేను వెలిగిస్తే, మా నియమం ప్రకారం నేను కూడా తినొచ్చు."

బజారుకెళ్లి గిన్నె కొనుక్కొచ్చాను. అతను పొయ్యి వెలిగించాడు, నేను గుడ్లు వేశాను. వాళ్ల ఆచారం ప్రకారం అద్దాలన్నిటికీ దుప్పట్లు కప్పిన ఆ గదిలో బెల్లమ్మగారు పొట్టి పీట మీద కూర్చుని ఉంది. ఏలీ గుడ్డు ఒలిచి పళ్లెంలో పెట్టి, "అమ్మా, ఇద్దరం ఒకే గిన్నెలోది" అన్నాడు.

నా నాలుక చివర ఒక మాట ఆడుతోంది: ఒక్కడినైనా దేవుడు మిగిల్చాడు, స్తోత్రం. ఆవిడ నోరు విప్పలేదు గనక నేనూ విప్పలేదు.

చాలాసేపటికి ఆవిడే కొడుకుతో అంది. "ఫోనులో వాడి పేరు వింటున్నాను. నువ్వు అక్కడ లేవు, ఇక్కడున్నావని సంతోషం వేసింది ఏలీ. వాడి చావు వింటూ సంతోషపడ్డాను. నేనూ ఒక తల్లినేనా?"

ప్రతిదానికీ వాక్యం చెప్పగల ఆ అబ్బాయి ఏ వాక్యమూ ఎత్తలేదు. తల్లి కాళ్ల దగ్గర చతికిలబడి, "నాకూ వేసిందమ్మా" అన్నాడు. ఇద్దరూ అప్పుడు ఏడ్చారు. గుడ్డు పళ్లెంలోనే చల్లారిపోయింది.

ఏలీ తన చదువుకి వెళ్లిపోయాడు. ఆవిడ మళ్లీ కొట్టు తెరిచింది. గిడియన్ పేరు నా ముందు ఎన్నడూ ఎత్తలేదు. ఎనభైలు ముగియకముందే ఆవిడా పోయింది.

ఇప్పుడు మా తెలుగు సంఘంలో ఎవరింట చావు జరిగినా వెళ్తాను. "ఏదైనా ఓదార్పు వాక్యం చెప్పు కరుణక్కా" అని ఎవరో ఒకరు గుసగుసలాడతారు. వాక్యాలు నాకు కంఠతా వచ్చు. అయినా కింద కూర్చుని, ఆ ఇంటివాళ్లు ముందు నోరు తెరిచేదాకా ఆగుతాను. నా స్తోత్రాలు ఇంటికొచ్చి, తలుపు వేసుకుని చెప్పుకుంటాను.