తెల్ల లిల్లీలో ఊదా రంగు

నిన్న హసన్‌పర్తి దారిలోని నర్సరీలో ఊదా లిల్లీలు చూపించమన్నాను. ముదురువి, లేతవి, చారలవి పూసిన కుండీలు వరసగా పెట్టి "ఏది కావాలె మేడమ్?" అంది అక్కడామె. నేనేమో మా పాత వాకిట్లోకి వెళ్లిపోయాను.

మగ్గాల గల్లీల్లో పెరిగిన దోస్తులారా, రంగు గంగాళాల్లోంచి లేచే ఆ ఘాటు ఆవిరి గుర్తుందా? మా బాపు జంపఖానాల నూలుకు రంగులేసేవాడు. మా వాకిట్లో వానకు పూసే లిల్లీలన్నీ తెల్లవే. అమ్మకు ఊదా ఇష్టం.

"ఇంత నూలుకు రంగెక్కిస్తవు, గీ లిల్లీలకు ఎక్కియ్యరాదా?" అంది ఒకరోజు నవ్వుతూ.

బాపు నవ్వలేదు. ఆ ఎండాకాలమంతా గంగాళంలో మిగిలిన ఊదా నీళ్లు చల్లార్చి లిల్లీల మొదట్లో పోశాడు. ఆయన గోళ్లలాగే మట్టీ ఊదా అయింది. తొలకరికి పూలు మాత్రం తెల్లగానే వచ్చాయి.

బాపు ఒక్కో పువ్వునూ వంచి లోపలికి చూశాడు. అమ్మ ఒక పువ్వు తెంపి, వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది. "జర ఊదగనే ఉన్నదయ్యా, నీకే కనబడ్తలేదు" అని కొప్పులో పెట్టుకుంది.

నిన్న నేను అన్నిటికన్నా లేతదాన్ని, చూడగానే తెలుపనిపించేదాన్ని తెచ్చుకున్నాను. పొద్దున ఒక పువ్వును ఎండకు పట్టి చూశాను. అమ్మ అన్నది నిజమే. జర ఊదగనే ఉన్నది.